ఐరిష్ రాని పిల్లలకు ఐరిష్‌లోనే పాఠాలు చెప్పడం ఎలా

గేల్‌స్కొల్ అంటే ఐర్లండ్‌లో ఇంగ్లిష్ మాట్లాడే ఊళ్లలో ఉంటూ, ఇంగ్లిష్ తప్ప మిగతా పాఠాలన్నీ ఐరిష్‌లో చెప్పే బడి. డొనెగాల్, గాల్వే, కెర్రీ వంటి చోట్ల ఐరిష్ ఇప్పటికీ ఊరి భాషగా ఉన్న గేల్‌తఖ్త్ ప్రాంతాల సంగతి వేరు. గేల్‌స్కొల్‌లో సెప్టెంబరులో చిన్న శిశుతరగతిలోకి వచ్చే నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామందికి ఐరిష్ ముక్క రాదు. నీన్రా అనే ఐరిష్ శిశుబడికి వెళ్లొచ్చిన కొందరికి మాత్రం నాలుగు మాటలు వస్తాయి. ఇంట్లో వినేది ఇంగ్లిషో, పోలిష్‌నో, తెలుగో. శిశుతరగతుల రోజు ఆటవిడుపులతో కలిపి 4 గంటల 40 నిమిషాలు. భాష రావడం, ఆ భాషలో చదువు రావడం రెండూ ఆ కాస్త సమయంలోనే జరగాలి.

టీచరు రోజంతా ఐరిష్‌లో మాట్లాడుతూ ఉంటే పిల్లలకు అదే వచ్చేస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అందులో సగమే నిజం. విని అర్థం చేసుకోవడం అలాగే వస్తుంది. సరిగ్గా మాట్లాడటం అలా రాదు, దానికి ప్రతి పాఠంలోనూ వేరుగా ఏర్పాటు చేసుకోవాలి.

మొదటి ఆరు వారాలు

రోజూ ఒకే వరసలో జరిగే పనులకే మొదట మాటలు అతికించాలి: కోటు విప్పడం, సంచి తగిలించడం, చేతులు కడుక్కోవడం, తిండి డబ్బా తెరవడం, వరసలో నిలబడటం. పన్నెండు నుంచి పదిహేను ఆజ్ఞలు చాలు. 'సీ షీస్' అంటే కూర్చో, 'షాస్ సూఅస్' నిలబడు, 'ఏష్ట్' విను, 'దూన్ అన్ దొరస్' తలుపు మూయి. మొదటి వారం నాలుగు, తర్వాత వారానికి రెండో మూడో. ఒక్కో మాటకు ఒక్కటే సైగ ఉండాలి, బడిలో టీచర్లందరూ అదే సైగ వాడాలి. నాలుగో వారంలో చేతులు వెనక్కి కట్టుకుని ఆజ్ఞ ఇచ్చి చూడండి. సగం మంది పక్కవాడిని చూసి లేస్తుంటే వాళ్లకు మాట ఇంకా అందలేదని అర్థం. సైగ మళ్లీ మొదలుపెట్టాలి.

వ్యాకరణం కోటు దగ్గరే మొదలవుతుంది. 'కిర్ ఒర్త్ దొ ఖోతా' అంటే నీ కోటు నీ మీద వేసుకో. ఆ 'ఒర్త్' అంటే 'నీ మీద'. ఆకలి చెప్పడానికీ అదే వాడతారు: 'తా ఒక్రస్ ఒరమ్', ఆకలి నా మీద ఉంది. ఐరిష్‌లో ఆకలి, దాహం, కోపం, భయం అన్నీ మనిషి మీదికి వచ్చేవే. 'నాకు ఆకలేస్తోంది' అనే తెలుగు పిల్లవాడికి ఇందులో వింత తోచదు, ఇంగ్లిష్ పిల్లవాడికి తోస్తుంది. అందుకే దీన్ని పాఠంలా కాకుండా రోజూ కోటు దగ్గరా డబ్బా దగ్గరా వందసార్లు వినిపించాలి.

ఐరిష్‌లో చెప్పిన వెంటనే ఇంగ్లిష్‌లో అనువాదం చెప్పకూడదు. కింద సబ్‌టైటిల్ ఉంటే పైన మాట ఎవరూ వినరు. పిల్లలు వారంలోపే కనిపెట్టేస్తారు: మొదటిది వదిలేసినా ఫరవాలేదు, రెండోది ఎలాగూ వస్తుంది. అర్థం కాకపోతే బొమ్మ చూపాలి, చేసి చూపాలి, మాటను చిన్నది చెయ్యాలి. దెబ్బ తగిలినప్పుడు, పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తున్నప్పుడు, ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఇంగ్లిష్ వాడవచ్చు. అది కూడా మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్లతో మెల్లగా, తరగతి మొత్తానికి వినపడేలా కాదు.

పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిస్తే కోప్పడకూడదు. క్రిస్మస్ దాకా చాలామంది వింటారు, చేస్తారు, మాట్లాడరు. దాన్ని బద్ధకం అనుకోవద్దు. వాళ్లు ఇంగ్లిష్‌లో అన్నది టీచరు ఐరిష్‌లో తిరిగి అని, పని కొనసాగించాలి. ఒక్క వాక్యం మాత్రం మొదటి రోజు నుంచే అందరి నోటా పలికించాలి: 'అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గొ దీ అన్ లెహ్రస్?' మరుగుదొడ్డికి వెళ్లడానికి అనుమతి ఉందా అని. పిల్లలకు అది నిజంగా కావాలి కనక పొడవైనా నోటికి వచ్చేస్తుంది. అందులోని మొదటి నాలుగు మాటలతోనే తర్వాత నీళ్లు తాగడానికీ, బొమ్మలతో ఆడుకోవడానికీ అడగవచ్చు. కానీ అత్యవసరంలో ఉన్న పిల్లను పూర్తి వాక్యం అనే దాకా ఆపే టీచరు ఉంటే, ఆ పని వెంటనే మానుకోవాలి.

ఆటలో భాష ఎలా పెట్టాలి

2009లో వచ్చిన అష్టర్ అనే శిశువిద్యా చట్రం ఆటను చదువులో భాగం చేసింది. చాలా బడుల్లో రోజుకో గంట దుకాణం, ఆసుపత్రి, పోస్టాఫీసు ఆటలు నడుస్తాయి. ఐరిష్ బడిలో ఈ గంటే ఎక్కువగా చేజారుతుంది. మూల ఎంత అందంగా అలంకరించినా, టీచరు అటు తిరగ్గానే ఇంగ్లిష్ వినపడుతుంది.

దుకాణం ఆట మూడు వారాలు నడపండి. మొదటి వారం దుకాణదారు టీచరే. వాక్యాలు ఐదు. ఏం కావాలి: 'కద్ అ తా ఊఅత్?' నాకు ఆపిల్ కావాలి: 'తా ఊల్ ఊఅమ్.' ధరెంత: 'కే వేద్ అ తా ఎర్?' ఇదుగో: 'షొ దిత్.' కృతజ్ఞతలు: 'గొ రెవ్ మా అగత్.' సరుకులు ఎనిమిదికి మించకూడదు. రెండో వారం బాగా పలికే పిల్ల దుకాణదారు, టీచరు కొనేవాడు. కొనేటప్పుడు కావాలనే తప్పు సరుకు అడగాలి, డబ్బు తక్కువ ఇవ్వాలి, అప్పుడే పిల్లలు నోరు విప్పుతారు. మూడో వారం ఇద్దరూ పిల్లలే.

ఇంగ్లిష్ ఎక్కడ చొరబడుతుందో గమనిస్తే, కొనడం అమ్మడం దగ్గర కాదు, గొడవ దగ్గర. 'అది నాది', 'నా వంతు', 'ఆపు' అనడానికి పిల్లల దగ్గర ఐరిష్ ఉండదు. పాఠ్య ప్రణాళికల్లో ఈ మాటలు కనపడవు కూడా. ముందే నేర్పండి: 'ఇస్ ల్యుమ్సా ఏ' అది నాది, 'మొ హ్యాల్సా' నా వంతు, 'స్తద్' ఆపు. దుకాణానికి సరుకులు తెచ్చిపెట్టడం కంటే దీనివల్ల లాభం ఎక్కువ.

చదవడం: అక్షరాలకు ముందు చెవి

ఐరిష్‌కు సంప్రదాయంగా 18 అక్షరాలు. జే, కే, వీ వంటివి అరువు మాటల్లోనే కనిపిస్తాయి. కానీ దాదాపు ప్రతి హల్లుకూ రెండు పలుకులున్నాయి, ఒకటి ల్యాహన్ అంటే వెడల్పుది, రెండోది కీల్ అంటే సన్ననిది. ఏది పలకాలో పక్కనున్న అచ్చు చెబుతుంది. 'లోన్' అంటే మధ్యాహ్న భోజనం, 'ల్యోన్' అంటే సింహం. తెలుగులో య-వత్తు పెట్టి తేడా చూపిస్తాం. ఐరిష్‌లో ల్యోన్ రాయడానికి ఎల్-ఈ-ఓ-ఎన్ అంటారు. అందులోని 'ఈ' అనే అక్షరం ముఖ్యంగా ఎల్‌ను సన్నబరచడానికి ఉంది. ఈ సంగతి పట్టుబడకపోతే పిల్లలకు ఐరిష్ స్పెల్లింగు అంతా అనవసరపు అచ్చుల గుట్టలా కనిపిస్తుంది.

అందుకే అక్షరాలు చూపించే ముందు కనీసం ఒక టర్మ్ చెవి పని చేయించాలి. రోజుకు పది నిమిషాలు, రెండు బొమ్మలు: సింహం, భోజనం. టీచరు ఒక మాట అంటే పిల్లలు సరైన బొమ్మ మీద చెయ్యి వెయ్యాలి. పదిసార్లలో తొమ్మిది సరిగ్గా వస్తే తర్వాతి జంటకు వెళ్లాలి. పలకమని అడగడం ఆ తర్వాతే.

ముందు ఐరిష్‌లో చదవడం నేర్పాలా, ఇంగ్లిష్‌లోనా అనేది బడులన్నిటిలో నలిగే ప్రశ్న. గేల్‌తఖ్త్ బడుల కోసం ప్రభుత్వం 2016లో ప్రకటించిన విధానం ప్రకారం, అందులో చేరిన బడులు శిశుతరగతుల రెండేళ్లూ పూర్తిగా ఐరిష్‌లోనే నడపాలి. గేల్‌స్కొల్‌లోనూ ఐరిష్ ముందు పెట్టడమే మేలని మా అభిప్రాయం. ఇంగ్లిష్ అక్షరాలు పిల్లల చుట్టూ రోడ్డు మీద, పెట్టెల మీద, ఫోన్లలో ఎలాగూ ఉంటాయి. ఇంగ్లిష్ చదువు ముందు స్థిరపడితే ఏం జరుగుతుందో మూడు మాటల్లో కనిపిస్తుంది. ఎఫ్-ఈ-ఏ-ఆర్ ఐరిష్‌లో 'ఫ్యార్', అంటే మగమనిషి, పిల్ల 'ఫియర్' అని చదువుతుంది. బి-ఈ-ఏ-ఎన్ 'బ్యాన్', ఆడమనిషి, ఆమె చిక్కుడుగింజ అవుతుంది. టి-ఈ-ఏ-సి-హెచ్ 'ట్యాఖ్', ఇల్లు, అది 'టీచ్' అవుతుంది. ఇలాంటి జంట మాటలు ఓ ఇరవై ఏరి, ఐరిష్ కార్డులన్నీ ఆకుపచ్చ, ఇంగ్లిష్ కార్డులన్నీ నీలం చేస్తే తికమక చాలావరకు తగ్గుతుంది. రంగు బడి మొత్తానికి ఒకటే ఉండాలి. ఒక్కో గదిలో ఒక్కో రంగైతే మొదటికే మోసం.

మాట మొదట్లో హల్లు మారడం ఇంకో మెట్టు. 'కపల్' అంటే గుర్రం, 'మొ ఖపల్' నా గుర్రం. ఈ మెత్తబడటాన్ని షేవు అంటారు, రాతలో హల్లు పక్కన హెచ్ చేరుతుంది. రెండోది ఉరూ: ఏడు గుర్రాలంటే 'షాఖ్త్ గపల్', క కాస్తా గ అయింది. రాతలో సి పోదు, ముందు జి వచ్చి చేరుతుంది, పలికేది జి మాత్రమే. తెలుగు చదువుకున్నవాళ్లకు ఇది పాత చుట్టమే. ద్రుతం మీద పరుషాలు సరళాలవుతాయని బడిలో బట్టీపట్టిన సరళాదేశ సంధిలోనూ క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. కారణం కూడా దగ్గరిదే, ఉరూ వెనక కూడా ఒకప్పుడు ముందు మాట చివర ఉండి అరిగిపోయిన అనునాసికమే ఉంది. పిల్లలకు ఈ చరిత్ర అక్కర్లేదు. గోడ మీద 'కపల్' కార్డు ఒకటి, దాని ముందు తగిలించడానికి జి రాసిన చిన్న రేకు, వెనక దూర్చడానికి హెచ్ రాసిన రేకు ఉంటే చాలు. మాట అదే, టోపీ మారింది అంతే.

లెక్కలు: మూడు రకాల మూడు

ఐరిష్ మాధ్యమంలో ఎక్కువ తడబాటు లెక్కల్లోనే వస్తుంది, కారణం లెక్క కాదు. వట్టి లెక్కకు ఒక వరస: 'అ హేన్, అ దో, అ త్రీ, అ క్యాహర్'. వస్తువులకు ఇంకో వరస: రెండు గుర్రాలు 'ఘా ఖపల్', నాలుగు 'కెహ్రే ఖపల్'. మనుషులకు మూడో వరస: బెర్ట్, త్ర్యూర్, క్యాహ్రర్, కూగ్యర్. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు అనే తెలుగువాళ్లకు ఇది సహజంగా అందుతుంది. ఇంగ్లిష్ పిల్లలు మాత్రం 'మూడు మనుషులు' అన్నట్టు మాట్లాడి అక్కడే ఉండిపోతారు.

పైగా రెండు నుంచి ఆరు దాకా షేవు, ఏడు నుంచి పది దాకా ఉరూ, వస్తువు పేరు సాధారణంగా ఏకవచనం. పదమూడు గుర్రాలంటే 'త్రీ ఖపల్ దేగ్', మూడు-గుర్రం-పది. అంకె రెండు ముక్కలై మధ్యలో గుర్రం నిలబడుతుంది. ఇవన్నీ ఒకే పాఠంలో పెడితే పిల్ల 13 రాయడమే తప్పుతుంది, టీచరేమో స్థానవిలువ రాలేదనుకుంటుంది. విడదీసి చెప్పాలి. కూడిక, స్థానవిలువ, అంకెలు రాయడం అన్నీ వట్టి లెక్క వరసతోనే. వస్తువుల వరస వేరుగా, లెక్కల పాఠం కాని సమయంలో, పెన్సిళ్లు పంచుతూ, కప్పులు సర్దుతూ. మనుషుల వరస జట్లు కట్టేటప్పుడు: 'త్ర్యూర్!' అనగానే ముగ్గురేసి చేరాలి. పదమూడు మధ్య గుర్రాన్ని మొదటి తరగతి దాకా ముట్టుకోకపోయినా నష్టం లేదు.

ప్రతి లెక్కల పాఠానికీ ముందు రోజు ఒక చిన్న కాగితం మీద మూడు గళ్లు గీసుకోండి. మొదటి గడిలో కొత్త మాటలు, ఐదుకు మించకుండా. రెండో గడిలో పిల్లలు అనాల్సిన వాక్యపు అచ్చు, ఒకటి లేదా రెండు: 'నీస్ మో నా' దీనికంటే ఎక్కువ, 'నీస్ లూ నా' దీనికంటే తక్కువ. మూడో గడిలో ఎవరూ నేర్పని చిన్న మాటలు: ఎందుకు, ఎందుకంటే, ఇంకా, మిగిలింది, అనుకుంటున్నాను. పాఠాలు దెబ్బతినేది ఈ మూడో గడి ఖాళీగా ఉన్నప్పుడే. 'సిమ్యూ' అంటే కూడిక అని పిల్లకు తెలుసు, కానీ తను ఎలా చేసిందో చెప్పడానికి మాటల్లేక ఇంగ్లిష్‌లోకి దూకుతుంది. విజ్ఞానంలోనూ ఇంతే. నీళ్ల తొట్టిలో ఏది తేలుతుందో చూసే పాఠానికి తేలడం, మునగడం అనే రెండు మాటలకంటే 'మ్యాసమ్ గొ', అంటే 'అనుకుంటున్నాను' అనే ముక్క ఎక్కువ పనికొస్తుంది.

గడ్డకట్టే తప్పులు

రెండో తరగతి వచ్చేసరికి పిల్లలు గడగడా మాట్లాడతారు. తల్లిదండ్రులు మురిసిపోతారు, టీచరూ కాస్త వదులవుతారు. సరిగ్గా అప్పుడే తప్పులు గట్టిపడతాయి. తరచూ వినపడేవి మూడు.

'తా మే ఎగ్ దేనవ్ ఏ': నేను దాన్ని చేస్తున్నాను అనడానికి ఇంగ్లిష్ వరసలో మాటలు పేర్చారు. సరైనది 'తా మే ఆ యేనవ్', 'దాన్ని' అనేది క్రియకు ముందే కలిసిపోవాలి. రెండోది 'తా మే బూఅఖిల్', నేను అబ్బాయిని అనబోయి. 'తా' స్థితిని చెబుతుంది, ఎవరు ఏమిటో చెప్పడానికి వేరే మాట ఉంది: 'ఇస్ బూఅఖిల్ మే'. తెలుగులో 'నేను అబ్బాయి ఉన్నాను' అంటే చెవికి ఎలా గుచ్చుకుంటుందో, అది కూడా ఐరిష్‌వాళ్లకు అలాగే గుచ్చుకుంటుంది. మూడోది ఏ ప్రశ్నకైనా అవునన్నట్టు 'షా' అనడం. ఐరిష్‌లో అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే అవును, కాదు లేవు. 'అన్ విల్ ల్యౌర్ అగత్?' పుస్తకం ఉందా అంటే 'తా', ఉంది. తిన్నావా అంటే తిన్నాను. తెలుగు జవాబు కూడా ఇదే కదా.

ఇవి ఎందుకు పోవు? తప్పుగా అన్నా అర్థమవుతుంది కనక, పక్కవాళ్లందరూ అలాగే అంటారు కనక. గదిలో సరైన ఐరిష్ వినిపించే నోరు ఒక్కటే, తప్పు వినిపించేవి పాతికపైనే. టీచరు తప్పును సరిచేసి తిరిగి అంటే పిల్ల దాన్ని మెచ్చుకోలుగా విని సాగిపోతుంది. మొదటి ఏడు పనికొచ్చిన పద్ధతి ఇప్పుడు చాలదు.

రెండు వారాలకు ఒక్క తప్పే పట్టుకోండి. మొదటి రోజు తప్పూ ఒప్పూ పక్కపక్కన బోర్డు మీద రాసి తేడా పిల్లలచేతే చెప్పించండి. తర్వాత రోజుకు పది నిమిషాలు, ఆ రూపం లేకుండా గెలవలేని ఆట. మూకాభినయం బాగా కుదురుతుంది: పుస్తకాన్ని ఏం చేస్తున్నాడు, తలుపును ఏం చేస్తోంది. మిగతా పాఠాల్లో ఎవరైనా ఆ తప్పు చేస్తే జవాబు అందించకుండా 'తా మే ఆ...' అని ఆగి చూడాలి. మూడు నాలుగు క్షణాల నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోవాలి. మూడో తరగతి నుంచి ఇద్దరేసి పిల్లల మాటలు మూడు నిమిషాలు రికార్డు చేసి వాళ్లకే వినిపించండి, ఈ పక్షపు తప్పు ఎన్నిసార్లు దొర్లిందో వాళ్లే గీతలు పెట్టుకుంటారు. మిగతా తప్పుల్ని ఆ రెండు వారాలూ చూసీ చూడనట్టు వదిలెయ్యాలి. అన్నీ దిద్దితే పిల్లలు మాట్లాడటమే మానేస్తారు.

యాస, పరికరాలు

ఎలా ఉన్నావు అనడానికే దక్షిణాన మన్‌స్టర్‌లో 'కొనస్ అ తా తూ', పడమట కొనఖ్త్‌లో 'కే ఖీ విల్ తూ', ఉత్తరాన అల్‌స్టర్‌లో 'గొజే మర్ అ తా తూ'. శిశుతరగతుల్లో బడి అంతా ఒక్క యాసకు కట్టుబడటం మంచిది, మిగతావి మూడో తరగతి నుంచి వినిపించవచ్చు. రాతకు 1958లో వచ్చిన అధికారిక ప్రమాణం ఉంది. టీచరుకు ఉచ్చారణ అనుమానమొస్తే త్యాంగ్లన్ వెబ్‌సైటులో మాటలను మూడు యాసల్లోనూ వినవచ్చు. పూర్తి వాక్యమైతే డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో తయారైన అబర్ అనే వెబ్‌సైటు చదివి వినిపిస్తుంది. ఐరిష్ మాధ్యమం బడుల కోసమే చేసిన షేదాన్ షీ పుస్తకాలు మొదటి భాషగా ఐరిష్ నేర్పడానికి బాగుంటాయి.

ఇంటివాళ్లు

తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి ఐరిష్ అంతంతే. 1971లో బెల్‌ఫాస్ట్ షాస్ రోడ్ కుటుంబాలు 9 మంది పిల్లలతో బడి తెరిచినప్పుడు తామే ఐరిష్ నేర్చుకుని, పక్కపక్కన ఇళ్లు కట్టుకుని మరీ నడిపాయి. అందరినీ అంత అడగలేం. వారానికి ఐదు వాక్యాలు, వాటి ఆడియో పంపితే చాలు. హోంవర్కు సూచన రెండు భాషల్లోనూ ఉండాలి, లేకపోతే పిల్ల తప్పు చేసిందో ఇంట్లోవాళ్లకు అర్థం కాలేదో తెలియదు.

తెలుగు ఇళ్లకు ఒక్క మాట. బడిలో ఐరిష్ ఉంది కదా అని ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్ పట్టుకోవద్దు. ఐరిష్ వెడల్పు త, ద పలకడానికి నాలుక పళ్లకు తగలాలి, తెలుగు త, ద లాగే. ఇంగ్లిష్ ట, డ అలవాటైతే అవి పోతాయి. బడిలో ఈ వారం దుకాణం నడుస్తుంటే ఇంట్లో తెలుగులో దుకాణం ఆడండి. భావం తెలిసిన పిల్లకు మాట తొందరగా అంటుకుంటుంది. 'ఇవాళ ఐరిష్‌లో ఏం నేర్చుకున్నావు, చెప్పు' అని చుట్టాల ముందు నిలబెట్టి అడగడం మాత్రం వద్దు.

వెనకబడినట్టు కనిపించే పిల్ల

రెండు, నాలుగు, ఆరు తరగతుల చివర ప్రామాణిక పరీక్షలుంటాయి. గేల్‌స్కొల్‌లో ఇంగ్లిష్ చదవడం, లెక్కలతోపాటు ఐరిష్ చదవడం కూడా పరీక్షిస్తారు. అంతదాకా ఆగకుండా నవంబరులో, మే నెలలో ఒకే బొమ్మ చూపించి ఒక్కో పిల్ల మాటలు రెండు నిమిషాలు రికార్డు చేసి దాచండి. కష్టం ఐరిష్‌లోనే కనిపించి ఇంటి భాషలో కథ చక్కగా చెబుతుంటే పిల్లకు కావాల్సింది ఇంకాస్త సమయం, మరిన్ని బొమ్మలు. రెండు భాషల్లోనూ శబ్దాలు విడదీయలేకపోతుంటే, మాటలు వెతుక్కుంటుంటే కారణం మాధ్యమం కాదు. ఇంగ్లిష్ బడికి మార్చినా ఆ కష్టం వెంటే వస్తుంది. అప్పుడు ఇంటివాళ్లను పిలిచి రెండు రికార్డులూ వాళ్లముందే పెట్టి, ప్రత్యేక బోధన టీచరుతో అదే వారం పని మొదలుపెట్టాలి.